నెల్లూరు, ఒంగోలులో మెనోపాజ్‌కు హార్మోన్ చికిత్స: చీటీ రాసే తీరు, షాపులో దొరికే సరుకు

ముందే తీర్పు చెప్పేస్తున్నాం. ఐదు మార్కులకు గాను మందులకు నాలుగు, మందు రాసే తీరుకు రెండున్నర, షాపు కౌంటరుకు రెండు. నెల్లూరు పోగతోటలో గానీ, ఒంగోలు కర్నూలు రోడ్డులో గానీ ముట్లు ఆగిన బాధలతో ఓపీ రాయించుకున్న ఆడమనిషికి ఏం అందుతోంది, ఏం అందాలి, చేతికొచ్చిన మందును ఎలా వాడాలి అన్నదే ఇక్కడ చూస్తున్నాం. ఏ ఒక్క ఆసుపత్రినీ వేలెత్తి చూపడం లేదు. రెండు ఊళ్లలోనూ తంతు ఒకటే.

ఒంట్లోంచి ఆవిర్లు వస్తున్నాయి, రాత్రిళ్లు జాకెట్టు తడిసిపోతోంది, నిద్ర లేదు, ఊరికే కోపం వస్తోంది అని చెప్పుకుంటే కొందరు డాక్టర్లు "ఈ వయసులో మామూలేనమ్మా, ఒక రెండేళ్లు ఓర్చుకో" అంటారు. కాల్షియం స్ట్రిప్పు, అరవై వేల యూనిట్ల విటమిన్ డి సాచెట్లు, సోయా గోళీలు రాసి పంపేస్తారు. ముట్లు ఆగాక ఒంట్లో తగ్గిపోయే ఈస్ట్రోజెన్ వగైరా హార్మోన్లను మందుగా ఇచ్చే మాటెత్తితే "క్యాన్సరొస్తుంది" అని ఒక్క ముక్కతో కొట్టిపారేస్తారు. ఇంకొందరు ప్రశ్న కూడా వేయకుండా టిబోలోన్ అనే హార్మోన్ మాత్ర రాసేస్తారు, మూడు నెలల తర్వాత ఎలా ఉందని అడిగే నాథుడుండడు. కొద్దిమంది మాత్రం చివరి ముట్టు ఎప్పుడు, గర్భసంచి ఉందా, ఓవరీలు ఉంచారా, అమ్మకో అక్కకో రొమ్ము క్యాన్సర్ వచ్చిందా, ఎప్పుడైనా కాలు వాచి రక్తం గడ్డ కట్టిందా అని అడిగి, బీపీ చూసి, ఆ తర్వాతే పెన్ను తీస్తారు. ఈ మూడో రకం డాక్టరు దొరికితే ఫీజు దండగ కాదు. పోతే, ఆ "రెండేళ్లు ఓర్చుకో" అన్న లెక్క తప్పు. అమెరికాలో ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన స్వాన్ అధ్యయనంలో తరచుగా ఆవిర్లు వచ్చేవాళ్లకు అవి సగటున ఏడేళ్లకు పైనే ఉన్నాయి.

మొదటి రకం డాక్టర్ల భయానికి కారణం ఉంది. 2002 జులైలో అమెరికాలో విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద పరీక్షలో ఒక భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. అందులో 16,608 మంది ఉన్నారు. సగం మందికి చూడి గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్ 0.625 మి.గ్రా., ప్రొజెస్టిరాన్ రకం హార్మోన్ మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ 2.5 మి.గ్రా. కలిపిన మాత్ర ఇచ్చారు, మిగతావాళ్లకు మందు లేని ఉత్త మాత్ర. రొమ్ము క్యాన్సర్ ఏడాదికి పదివేల మందిలో 30 నుంచి 38కి పెరిగింది. పక్షవాతం 8, గుండెపోటు 7 పెరిగాయి. తుంటి ఎముక విరగడం 5 తగ్గింది, పెద్దపేగు క్యాన్సర్ 6 తగ్గింది. పేపర్లకు మాత్రం "26 శాతం" అన్న అంకే దొరికింది. పదివేలకు ఎనిమిది అంటే ఎవరూ బెదరరు, 26 శాతం అంటే ఊరంతా బెదురుతుంది. రెండూ ఒకటే లెక్క.

చాలామందికి చేరని విషయం ఇంకోటుంది. ఆ పరీక్షలో చేరినవాళ్ల సగటు వయసు 63. ఆవిర్లతో డాక్టరు దగ్గరికి వచ్చే వయసు, అంటే 50 నుంచి 59 మధ్యవాళ్లు, అందులో మూడో వంతే. గర్భసంచి తీసేసిన 10,739 మందికి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన రెండో భాగం 2004లో ఆగింది. పక్షవాతం కొంచెం పెరిగింది గానీ రొమ్ము క్యాన్సర్ పెరగలేదు, తర్వాతి ఏళ్లలో ఇంకా తగ్గింది కూడా. అందుకే ఇప్పుడు నిపుణుల సంఘాలు చెప్పేది ఇది: వయసు 60 లోపు, ముట్లు ఆగి పదేళ్ల లోపు, వాడకూడని జబ్బులేవీ లేవంటే, ఆవిర్ల బాధకు హార్మోన్‌ను మించిన మందు లేదు, చాలామందిలో నష్టం కన్నా లాభమే ఎక్కువ. 60 దాటాక, లేదా ముట్లు ఆగి పదేళ్లు దాటాక కొత్తగా మొదలుపెట్టడమే ఆలోచించాల్సిన పని. 2025 నవంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందుల కాగితం మీద నల్ల గడిలో అచ్చేసే తీవ్రమైన హెచ్చరికల్లో గుండె, రొమ్ము క్యాన్సర్, మతిమరుపు గురించినవి తీసేయిస్తామని ప్రకటించింది. గర్భసంచి ఉన్నవాళ్లు ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే గర్భసంచి లోపొర క్యాన్సర్ వస్తుందన్న హెచ్చరికను మాత్రం ఉంచుతామంది. ఉంచాల్సిందే.

మన జిల్లాల అసలు సమస్య ఈ చర్చలో ఎక్కడా కనిపించదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, దేశంలోకెల్లా ఎక్కువ. దేశం మొత్తానికి అది 3 శాతం చిల్లర. తెల్లబట్టకో, ఎక్కువ రక్తస్రావానికో, ఫైబ్రాయిడ్‌కో నలభై నిండకముందే ఆపరేషన్ అయిపోయినవాళ్లు మెట్ట మండలాల్లో ఏ ఊరికెళ్లినా తగులుతారు. గర్భసంచితో పాటు ఓవరీలు కూడా తీసేస్తే మెనోపాజ్ మెల్లగా రాదు, మర్నాడే వస్తుంది. ఓవరీలు ఉంచినా కొందరిలో అవి ముందుగానే పనిచేయడం మానేస్తాయి. 45 లోపు ఇలా జరిగినవాళ్లకు, వద్దనడానికి వేరే కారణం లేకపోతే, సహజంగా ముట్లు ఆగే వయసు దాకా అంటే కనీసం 50 దాకా ఈస్ట్రోజెన్ ఇవ్వాలి. ఆవిర్లు లేకపోయినా ఇవ్వాలి, ఎముకల కోసం, గుండె కోసం. 2002 లెక్కలు వీళ్లవి కానే కావు. పైగా గర్భసంచి లేదు కాబట్టి దాని లోపొరను కాపాడే రెండో హార్మోన్, ప్రొజెస్టిరాన్, సాధారణంగా అక్కర్లేదు. ఎండోమెట్రియోసిస్, అంటే గర్భసంచి లోపొర లాంటిది బయట పెరిగే జబ్బు, ఉన్నవాళ్లు మినహా. ఇంత సులువైన చీటీ ఇంకోటి ఉండదు. అయినా రాసేవాళ్లు తక్కువ. మా లెక్కలో మార్కులు పోయింది ముఖ్యంగా ఇక్కడే.

ఆపరేషన్ అయినవాళ్లు డిశ్చార్జ్ కాగితం తీసి చూసుకోండి. "టీఏహెచ్ విత్ బీఎస్‌ఓ" అని ఉంటే గర్భసంచి, రెండు ట్యూబులు, రెండు ఓవరీలు తీసేశారని. ఉత్త "టీఏహెచ్" అంటే ఓవరీలు ఉంచినట్టు. "యూఎస్‌ఓ" అంటే ఒక పక్క ఓవరీ తీశారు. కాగితం పోయిందంటే స్కానింగ్‌లో తెలుస్తుంది. ముట్లను బట్టి చెప్పే వీల్లేదు కాబట్టి ఓవరీలు పనిచేస్తున్నాయో లేదో చెప్పే ఎఫ్ఎస్‌హెచ్ రక్తపరీక్షకు అర్థం ఉన్నది ముఖ్యంగా ఇలాంటివాళ్లలో. 45 దాటి, ముట్లు తప్పుతూ ఆవిర్లు వస్తున్న ఆమెకు ఎఫ్ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ఈస్ట్రాడియోల్ అన్నీ కలిపిన "హార్మోన్ ప్యాకేజీ" చేయించడం డబ్బు పారబోయడమే. ఆ వయసులో ఎఫ్ఎస్‌హెచ్ ఈ వారం 60, వచ్చే వారం 12 రావొచ్చు. చీటీకి దాంతో పనిలేదు.

డబ్బు పెట్టాల్సినవి వేరే ఉన్నాయి: బీపీ, బరువు, షుగర్, కొలెస్టరాల్‌తో పాటు ట్రైగ్లిజరైడ్లు, లివర్ పరీక్ష, ఏడాది లోపు తీసిన మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), గర్భసంచి ఉంటే పాప్ స్మియర్ (గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ పరీక్ష), లోపలి నుంచి చేసే స్కానింగ్. థైరాయిడ్ కూడా చూడాలి, దడ, చెమటలు దానికీ ఉంటాయి. ముట్లు ఆగిన ఏడాది తర్వాత మళ్లీ రక్తం కనిపిస్తే కారణం తేలేదాకా హార్మోన్ జోలికి పోకూడదు. స్కానింగ్‌లో లోపొర 4 మిల్లీమీటర్లు దాటితే ముక్క తీసి పరీక్షకు పంపాలి. రొమ్ము క్యాన్సర్, గర్భసంచి లోపొర క్యాన్సర్ వచ్చినవాళ్లు, గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లు, ఈమధ్య రక్తం గడ్డ కట్టినవాళ్లు, లివర్ జబ్బు ముదిరినవాళ్లు వాడకూడదు.

కనిగిరి, పామూరు, పొదిలి వైపు వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కానులో టీ స్కోరు మైనస్ 2.5 కంటే కిందికి పోతే ఎముకలు గుల్లబారినట్టు లెక్క. ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగిన ఒంట్లో వెన్నెముక సాంద్రత ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. లోపల ఎముక పెళుసుగానే ఉంటుంది. రిపోర్టులో "నార్మల్" అని చూసి "నీకేం అక్కర్లేదు" అనేముందు డాక్టరు ఆమె ఊరి పేరు అడగాలి.

ఇక మందుల సంగతి.

ఒంటికి రాసుకునే ఈస్ట్రాడియోల్ (ఈస్ట్రోజెన్‌లో ఒక రకం) జెల్‌కు మా దగ్గర ఎక్కువ మార్కులు. మాత్ర మింగితే ఈస్ట్రోజెన్ ముందు లివర్ మీదుగా పోతుంది, అక్కడ రక్తం గడ్డకట్టే పదార్థాలు, ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. చర్మం ద్వారా పోతే ఆ గొడవ లేదు, మామూలు మోతాదులో రక్తం గడ్డకట్టే ముప్పు పెరిగినట్టు కనిపించలేదు. బీపీ, షుగర్, అధిక బరువు, పార్శ్వపు నొప్పి ఉన్నవాళ్లు మన దగ్గర కొల్లలు కాబట్టి జెల్లే మొదటి ఎంపిక కావాలి. 0.06 శాతం జెల్ పంపు సీసాలో ఒక నొక్కుకు 1.25 గ్రాములు వస్తుంది, అందులో 0.75 మి.గ్రా. మందు. మామూలుగా ఒకటితో మొదలుపెట్టి రెండు నొక్కులకు వెళతారు. చిన్న వయసులోనే ఓవరీలు పోయినవాళ్లకు మూడు నాలుగు కావాల్సి రావొచ్చు. 80 గ్రాముల సీసా రోజుకు రెండు నొక్కుల చొప్పున 32 రోజులొస్తుంది.

ఇది పనిచేయలేదని చెప్పేవాళ్లలో చాలామందికి రాసుకునే పద్ధతి తెలియదు. స్నానం చేసి ఒళ్లు పూర్తిగా ఆరాక, భుజం నుంచి మోచేతి దాకా బయటివైపు గానీ తొడ లోపలివైపు గానీ పలచగా, వెడల్పుగా పరచాలి. బామ్‌లాగా ఒకేచోట రుద్దకూడదు. రొమ్ముల మీద రాయకూడదు. అక్కడ కొబ్బరినూనె, పసుపు, క్రీము ఏదీ ఉండకూడదు, రాశాక గంటసేపు పెట్టకూడదు. ఐదు నిమిషాలు ఆరనిచ్చి చీర కట్టుకోవాలి, చేతులు సబ్బుతో కడగాలి. గంట లోపు ఆ చోటు మనవడికో మనవరాలికో తగలకుండా చూసుకోవాలి. జెల్‌లో ఆల్కహాల్ ఉంటుంది, మండుతుంది. తడి ఆరకముందే దీపారాధనకో పొయ్యి దగ్గరికో పోవద్దు. రోహిణి కార్తె ఎండల్లో సీసాను కిటికీ గూట్లో, స్కూటీ డిక్కీలో పెట్టొద్దు. చెమట పట్టే నెలల్లో రాత్రి పూట రాసుకుంటే నయం. చర్మానికి అంటించుకునే ఈస్ట్రోజెన్ ప్యాచీల గురించి ఎక్కువ చెప్పేది లేదు: మన ఉక్కకు ఊడిపోతాయి, షాపులో దొరకడమూ కష్టమే. జెల్ మీద ఫిర్యాదు ధర ఒక్కటే. మాత్రతో పోలిస్తే నెల ఖర్చు బాగా ఎక్కువ.

ఆ ఖర్చు భరించలేనివాళ్లకు ఈస్ట్రాడియోల్ వాలరేట్ 1 మి.గ్రా., 2 మి.గ్రా. మాత్రలున్నాయి. బరువు అదుపులో ఉండి, బీపీ, ట్రైగ్లిజరైడ్లు బాగుండి, పొగాకు అలవాటు లేని యాభై ఏళ్లామెకు ఇది చక్కగా సరిపోతుంది. సంతానం కోసం చేసే చికిత్సలోనూ ఇదే మాత్ర వాడతారు కనుక పోగతోటలో దొరకడం కష్టం కాదు. కావలి, గూడూరు దాటితే మాత్రం ముందు ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి.

గర్భసంచి ఉన్నవాళ్లకు ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టిరాన్ తప్పనిసరి. కౌంటరు దగ్గర గందరగోళమంతా దీంతోనే. సహజ మైక్రోనైజ్డ్ ప్రొజెస్టిరాన్ 100, 200 మి.గ్రా. క్యాప్సూళ్లు ఏ మందుల షాపులోనైనా ఉంటాయి, గర్భం నిలవడానికి ఇస్తారు కాబట్టి. యాభై రెండేళ్లామె చీటీ ఇస్తే కౌంటర్లో కుర్రాడు "ఇది కడుపుతో ఉన్నోళ్లకిచ్చేదమ్మా" అని నలుగురి ముందు అంటాడు, లేదా కవరు మీద "లోపల పెట్టుకోవాలి" అని రాసిస్తాడు. చీటీలో నోటి ద్వారా అని ఉంటే మింగాల్సిందే. రాత్రి పడుకునే ముందు వేసుకోవాలి, మత్తుగా ఉంటుంది; నిద్రపట్టని వాళ్లకు ఆ మత్తు వరమే. పొద్దున వేసుకుని వంటింట్లో తూలితే తప్పు మందుది కాదు. కొన్ని బ్రాండ్లలో వేరుశనగ నూనె ఉంటుంది, పల్లీలు పడనివాళ్లు అట్ట చదవాలి. ముట్లు ఇంకా అప్పుడప్పుడూ వస్తుంటే 200 మి.గ్రా. నెలకు 12 నుంచి 14 రోజులు, ఆగి ఏడాది దాటితే 100 మి.గ్రా. రోజూ. దీని బదులు డైడ్రోజెస్టిరాన్ 10 మి.గ్రా. నెలకు 14 రోజులు ఇవ్వొచ్చు. ఎక్కువ రక్తస్రావం కోసం ఇప్పటికే 52 మి.గ్రా. లెవోనార్‌జెస్ట్రెల్ (ప్రొజెస్టిరాన్ రకం హార్మోన్) ఉన్న లూప్ వేయించుకున్నామెకు ఐదేళ్ల దాకా వేరే ప్రొజెస్టిరాన్ అక్కర్లేదు. ఈ సంగతి డాక్టరుకు గుర్తుచేయండి, ఓపీ హడావిడిలో మరిచిపోతారు.

ఎక్కువగా జరిగే తప్పు ఏంటంటే, ముట్లు ఇంకా పూర్తిగా ఆగనామెకు రెండు హార్మోన్లూ రోజూ వేసుకోమని రాయడం. అప్పుడు ఎప్పుడుపడితే అప్పుడు రక్తం కనిపిస్తుంది. ఆమె బెదిరి ఇంకో డాక్టరు దగ్గరికి పోతుంది, స్కానింగ్‌లో పొర కాస్త మందంగా కనిపిస్తుంది, "గర్భసంచి తీసేద్దాం, పీడ పోతుంది" అంటారు. తప్పు చీటీది, కోత కడుపుకి. ఆమెకు నెలలో రెండు వారాల పద్ధతికి మారిస్తే సరిపోయేది. పద్ధతి సరిగ్గా ఉన్నా మొదటి మూడు నుంచి ఆరు నెలలు అక్కడక్కడ మరకలు కనిపించడం మామూలే. ఆరు నెలలు దాటినా కనిపిస్తే, లేదా ఆగిపోయి మళ్లీ మొదలైతే, స్కానింగూ ముక్క పరీక్షా తప్పవు. ఇంకో రకం తప్పు ఇంట్లో జరుగుతుంది. ఆవిర్లు తగ్గేది ఈస్ట్రోజెన్‌తో కాబట్టి అది మాత్రం వాడుతూ ఖర్చు కలిసొస్తుందని ప్రొజెస్టిరాన్ మానేస్తారు. గర్భసంచి ఉన్న మనిషికి ఇది ప్రమాదం.

టిబోలోన్ 2.5 మి.గ్రా. రోజుకొకటి, ఒక్కటే మాత్ర, వేరే ఏదీ అక్కర్లేదు. అందుకే డాక్టర్లకు ఇష్టం. ఆవిర్లకూ, కోరిక తగ్గినవాళ్లకూ పనిచేస్తుంది. కానీ చివరి ముట్టయి ఏడాది నిండనిదే మొదలుపెడితే రక్తస్రావం మొదలవుతుంది. 60 దాటిన వాళ్లలో పక్షవాతం ముప్పు పెరుగుతుందని, రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లలో తిరగబెట్టడం ఎక్కువైందని పరీక్షల్లో తేలింది. వయసు, చరిత్ర అడగకుండా రాసే మందు కాదు.

మన వాళ్ల హార్మోన్ భయం ఎంత విచిత్రమైందంటే, తిరుమల ప్రయాణమో ఇంట్లో పెళ్లో ఉందని ముట్టు వాయిదాకు నారెథిస్టిరాన్ 5 మి.గ్రా. రోజుకు మూడు చీటీ లేకుండా కొని వేసుకుంటారు. అదీ హార్మోనే. మెనోపాజ్ మందుల్లో వాడే నారెథిస్టిరాన్ మోతాదు రోజుకు ఒక మి.గ్రా. లేదా అంతకన్నా తక్కువ. ఇది రోజుకు పదిహేను. రక్తం గడ్డకట్టే గుణం ఉన్నవాళ్లకు భయపడాల్సింది దీనికి.

డబ్బుకు తగ్గ విలువలో మొదటి స్థానం యోనిలో పెట్టుకునే ఈస్ట్రోజెన్ మందు, ఈస్ట్రియోల్ క్రీముది. ముట్లు ఆగాక యోని పొర పలచబడి మంట, దురద, కలయికలో నొప్పి, మాటిమాటికీ మూత్రంలో మంట వస్తాయి. సిగ్గుపడి చెప్పరు. మూత్రం మంట అని మాత్రం చెబితే ప్రతిసారీ యాంటీబయాటిక్ కోర్సు రాస్తారు, రెండు నెలలకు మళ్లీ అదే. గ్రాముకు 1 మి.గ్రా. ఉన్న క్రీము అర గ్రాము చొప్పున రాత్రిపూట రెండు మూడు వారాలు రోజూ, తర్వాత వారానికి రెండుసార్లు లోపల పెట్టుకోవాలి. అప్లికేటర్‌ను ప్రతిసారీ గోరువెచ్చని సబ్బునీళ్లతో కడగాలి. రక్తంలోకి పోయేది నామమాత్రం, ప్రొజెస్టిరాన్ అక్కర్లేదు, 70 ఏళ్లామెకైనా ఇవ్వొచ్చు. రొమ్ము క్యాన్సర్ మందులు వాడుతున్నవాళ్లు మాత్రం క్యాన్సర్ డాక్టరును అడిగే వాడాలి. పెట్టెలో కాగితం మాత్రల హెచ్చరికలన్నీ దీనికీ అచ్చేసి భయపెడుతుంది. అది చదివి మానేసినవాళ్లు ఎందరో. రెండు వారాలకే తీర్పు చెప్పకండి, మంట తగ్గడానికి కొన్ని వారాలు, మూత్రం ఇన్‌ఫెక్షన్లు తగ్గడానికి కొన్ని నెలలు పడుతుంది.

హార్మోన్ కుదరనివాళ్లకు వెన్లఫాక్సిన్ 37.5 నుంచి 75 మి.గ్రా. గానీ, రాత్రి గాబాపెంటిన్ 300 మి.గ్రా. గానీ ఆవిర్లు కొంత తగ్గిస్తాయి. రొమ్ము క్యాన్సర్ మందు టామాక్సిఫెన్ వాడుతుంటే, ఆవిర్లకు ఇచ్చే పారాక్సిటిన్ వద్దు, టామాక్సిఫెన్ పని చెడగొడుతుంది. సోయా గోళీలకు మా మార్కు ఒకటి, అదీ హాని లేదని. విటమిన్ డి సాచెట్లు వారానికొకటి ఎనిమిది వారాలు వాడాక ఆపి డాక్టరును అడగాలి. చీటీ చూపించి ఏడాదంతా వారంవారం కొంటూపోతే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలకు చేటు.

నెల్లూరు వాళ్లు చాలామంది చెన్నైలో చూపించుకుని అక్కడి చీటీతో వస్తారు. మందు మంచిదే అయుంటుంది, మూడో నెల చూపించుకోవడానికి మళ్లీ పోరు, ఊళ్లో షాపువాడు "అది లేదు, ఇదీ అదే" అని వేరేది ఇస్తాడు. బ్రాండు మారినా ఫర్వాలేదు, లోపలి మందు పేరు, మిల్లీగ్రాములు మారకూడదు. ఈస్ట్రాడియోల్ బదులు గర్భనిరోధక మాత్ర, మైక్రోనైజ్డ్ ప్రొజెస్టిరాన్ బదులు నారెథిస్టిరాన్ ఇస్తే తీసుకోవద్దు. చెన్నై చీటీ చూపించి మూడో నెల బీపీ, రక్తస్రావం, రొమ్ము నొప్పి సంగతి ఇక్కడి డాక్టరుకే చెప్పుకోవచ్చు. తర్వాత ఏడాదికోసారి.

ఎన్నేళ్లు వాడాలన్నదానికి ఐదేళ్ల గీత ఏమీ లేదు. ఏటా లాభనష్టాలు చూసుకుని కొనసాగించొచ్చు. ఆపాలనుకుంటే రెండు నొక్కుల నుంచి ఒకటికి దించి రెండు మూడు నెలలు చూసి, తర్వాత రోజు మార్చి రోజుకు వెళ్లాలి. ఎండాకాలంలో ఆపడం మొదలుపెట్టకండి, ఆవిరేదో ఉక్కేదో తేల్చుకోలేరు. దసరా దాటాక మొదలుపెడితే నయం. ఆవిర్లు తిరగబెడితే అంతకుముందు మోతాదుకే వెనక్కి వెళ్లొచ్చు. జెల్ ఆపినా ఈస్ట్రియోల్ క్రీము ఆపొద్దు. ఆవిర్లు ఏదో ఒకనాటికి తగ్గుతాయి, కింది పొడిదనం మందు మానితే మళ్లీ వస్తుంది.